బండి గుద్దుకుంటే బాగుచేయిస్తారా, తుక్కుకు రాస్తారా?

(తిరుచానూరులో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం మీటింగులో మోటార్‌సైకిల్ ఇన్సూరెన్సు మాటేంది అని కొందరికి అనిపించొచ్చు. ఒక్కసారి బయటికి చూడండి. చెట్టు కింద ఎన్ని బండ్లు నిలబడి ఉండాయో లెక్కపెట్టండి. మన నాయన కాలంలో ఎద్దులబండి చేసిన పని ఇప్పుడు మోటార్‌సైకిలే చేస్తా ఉంది. తెల్లారే పాల క్యాన్లు కేంద్రానికి పోయేది దాని మీదే. గడ్డిమోపు, మందు డబ్బాలు, టమాటా బాక్సు, మోటారు కాలిపోతే వైండింగు అంగడికి పోయే మోటారు, అన్నీ దాని మీదే. నాగలి విరిగితే సేద్యం ఎట్లా ఆగిపోతుందో, బండి విరిగితే పాడి అట్లా ఆగిపోతుంది. కాబట్టి ఇది రైతు సమస్యే.

తిరుపతి చుట్టూ రోడ్లు మీకు తెలుసు. రేణిగుంట వైపు, చెన్నై హైవే మీద, చంద్రగిరి, పాకాల దారిలో బస్సులు, లారీలు, యాత్రికుల కార్లు రాత్రీ పగలూ తిరుగుతానే ఉంటాయి. పల్లెదారి నుంచి హైవే ఎక్కే చోట మన బండి దెబ్బ తినడం మామూలైపోయింది. మనిషికి తగిలిన దెబ్బ ఆసుపత్రిలో చూసుకుంటాం. ఆ తర్వాత వచ్చే ప్రశ్న బండి సంగతి. ఇన్సూరెన్సు కంపెనీ దాన్ని బాగుచేయిస్తుందా, తుక్కు కింద రాసేస్తుందా? ఆ నిర్ణయం ఎవరు చేస్తారు, ఏ లెక్కతో చేస్తారు? ఈ రోజు అదే చెప్తాను.

మొదట ఒక మాట తేల్చుకోవాలి. 'నాకు ఇన్సూరెన్సు ఉంది' అంటారు మనవాళ్ళు. ఏ ఇన్సూరెన్సు? థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, మన బండికి జరిగిన నష్టానికి మన కంపెనీ పైసా ఇవ్వదు. అది మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగిన నష్టం కోసం. చట్టం తప్పనిసరి చేసింది ఆ ఒక్కదాన్నే. 75 నుంచి 150 సీసీ బండికి 2022 జూన్‌లో కేంద్రం పెట్టిన రేటు ఏడాదికి 714 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టిస్తా ఉండారు. సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన మార్పు అది. దాంతో చాలామంది 'ఐదేళ్ళకు ఇన్సూరెన్సు ఉంది' అని నిశ్చింతగా ఉండారు. సొంత నష్టం పాలసీ మాత్రం చాలా బండ్లకు ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు అది కట్టకపోతే మిగిలేది థర్డ్ పార్టీ ఒక్కటే. ఇంటికి పోయి కాగితం తీసి చూడండి. సొంత నష్టం అన్న గడిలో ఏ తేదీ దాకా ఉందో చూసుకోండి.

సొంత నష్టం పాలసీ ఉందనుకుందాం. అందులో ముఖ్యమైన అంకె ఐ.డి.వి. అంటే కంపెనీ దృష్టిలో మీ బండి విలువ. షోరూము ధరలోంచి వయసును బట్టి తరుగుదల తీస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు, ఇన్సూరెన్సు ఖర్చు అందులో కలపరు. ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్ళలోపు 20, మూడేళ్ళలోపు 30, నాలుగేళ్ళలోపు 40, ఐదేళ్ళలోపు 50 శాతం తీస్తారు. ఐదేళ్ళు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్న అంకె. ఏజెంటు ప్రీమియం తక్కువ చూపించడానికి ఈ అంకెను తగ్గించి రాసే వీలుంది. కట్టేటప్పుడు వంద రూపాయలు మిగిలిందని సంతోషపడతాం. దెబ్బ తగిలినాక వేలల్లో పోగొట్టుకుంటాం.

ఇక అసలు లెక్క. పాలసీలో రాసి ఉండేది ఇది: బండిని తెచ్చి బాగుచేసే ఖర్చు, పాలసీ షరతులకు లోబడి, ఐ.డి.వి.లో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా లెక్కకడతారు. దాటకపోతే రిపేరు. కంపెనీ రిపేరు చేయించవచ్చు, వస్తువు మార్చివ్వవచ్చు, డబ్బుగా ఇవ్వవచ్చు. అది కంపెనీ ఇష్టమని పాలసీలోనే ఉంది.

'పాలసీ షరతులకు లోబడి' అన్న మాటను మరువొద్దండి. రిపేరులో కూడా తరుగుదల ఉంది. ప్లాస్టిక్, రబ్బరు సామాను, టైర్లు, బ్యాటరీ మీద 50 శాతం తీస్తారు. ఇనుప సామాను మీద వయసును బట్టి తీస్తారు. ఆరు నెలల్లోపు ఏమీ తీయరు. మూడు నుంచి నాలుగేళ్ళ బండికి 25 శాతం, ఐదేళ్ళు దాటితే 40, పదేళ్ళు దాటితే 50. అద్దానికి తరుగు లేదు. షోరూమువాళ్ళు రాసిచ్చే ఎస్టిమేటు వేరు, ఈ తరుగులు తీసినాక మిగిలే అంకె వేరు. 75 శాతంతో పోల్చాల్సింది రెండో అంకెను అని మనం అడగాలి.

ఒక ఉదాహరణ చెప్తాను, వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. లక్ష రూపాయల బండి, నాలుగో ఏట ఉంది. ఐ.డి.వి. 60 వేలు. అందులో 75 శాతం 45 వేలు.

మొదటి సంగతి: ఎస్టిమేటు 40 వేలు. ఇనుప సామాను 22 వేలు, ప్లాస్టిక్కు 10 వేలు, కూలి 8 వేలు. తరుగు తీస్తే 16,500, 5 వేలు, 8 వేలు. మొత్తం 29,500. ఇది 45 వేలు దాటలేదు, కాబట్టి రిపేరు. తప్పనిసరిగా మనం భరించాల్సిన 100 రూపాయలు పోను కంపెనీ ఇచ్చేది 29,400. మన జేబులోంచి 10,600.

రెండో సంగతి: ఫోర్కులు వంగినాయి, చాసిస్ వంకరపోయింది, ఎస్టిమేటు 62 వేలు. ఇనుప సామాను 34 వేలు, ప్లాస్టిక్కు 12 వేలు, కూలి 16 వేలు. తరుగు తీస్తే 25,500, 6 వేలు, 16 వేలు. మొత్తం 47,500. ఇది 45 వేలు దాటింది. పూర్తి నష్టం.

పూర్తి నష్టమంటే 60 వేలూ చేతికి వస్తాయని అనుకోవద్దండి. ఐ.డి.వి.లోంచి తుక్కు విలువ తీసి ఇస్తారు. మోసం జరిగేది ఇక్కడే. మన సంఘం దృష్టికి వచ్చిన ఒక పాడి రైతు సంగతి చూడండి. ఆయన బండి లెక్క సరిగ్గా ఇట్లాంటిదే. కంపెనీ ఏం చేసింది? తుక్కుకు 25 వేలు ధర కట్టి, దాన్ని మీరే పెట్టుకోండి, మేము 34,900 ఇస్తాం అనింది. తిరుపతిలో తుక్కు అంగళ్ళలో అడిగితే 12 వేలకు మించి ఎవరూ ఇవ్వమన్నారు. బండి మీద ఫైనాన్సు బాకీ 31 వేలు. బాకీ ఉన్న బండికి డబ్బు ముందు ఫైనాన్సువాళ్ళకే పోతుంది. అంటే రైతు చేతికి వచ్చేది 3,900, ఒక ఇనుప గుట్ట. దాన్ని 12 వేలకు అమ్ముకున్నా 15,900. ఆ డబ్బుకు ఏ బండి వస్తుంది? పొద్దున పాలు ఎట్లా పోతాయి?

ఆయన మా దగ్గరికి వస్తే మేము ఒక్క వాక్యం రాయించినాం. 'తుక్కుకు 25 వేలు ఇస్తామన్నది ఎవరో వాళ్ళకే అమ్ముకోండి, బండి అప్పగిస్తాను, నాకు ఐ.డి.వి. ఇప్పించండి.' దానికి వాళ్ళ దగ్గర జవాబు లేకపోయింది. బండి తీసుకుపోయినారు, 59,900 కట్టినారు. బాకీ పోను ఆయన చేతికి 28,900 వచ్చింది. ఒక్క వాక్యం విలువ 13 వేలు.

బండి అప్పగించేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉంది. ఆర్సీ మీ పేరు మీదే ఉంచి తుక్కువాడికి తాళం ఇచ్చేయొద్దండి. వాడు బాగుచేసి ఎవరికో అమ్ముతాడు, అది ఎవరినో గుద్దుతుంది. చేతులు ఎన్ని మారినా రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత ఆయనదే అని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పనికిరాకుండా పోయిన బండి సంగతి 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెప్తుంది. ఆర్సీ రద్దు చేయించండి, లేదంటే కొన్నవాడి పేరుకు మార్పించండి.

కాణిపాకంలో ప్రమాణం చేస్తే ఊరు నమ్ముతుంది. సర్వేయరు నమ్మడు. ఆయనకు కాగితం కావాలి, ఫోటో కావాలి. కాబట్టి దెబ్బ తగిలిన చోటనే నాలుగు వైపులా ఫోటోలు తీయించండి. అదే రోజు కంపెనీకి ఫోను చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. సర్వేయరు చూడకముందు మెకానిక్కు చేత బండి విప్పించొద్దండి. ఎవరికైనా గాయమైతే, ఎదుటి బండి ఉంటే పోలీసు స్టేషనులో రాయించండి. నడిపినవాళ్ళకు లైసెన్సు లేకపోతే అడగడానికి మనకు నోరుండదు. పిల్లోళ్ళకు తాళాలు ఇచ్చే ముందు అది ఆలోచించండి. సర్వే రిపోర్టు నకలు అడిగి తీసుకోండి. అది మీ హక్కు. అందులో సామాను సామానుకు ఎంత తరుగు తీసినారో, తుక్కు ధర ఎవరు చెప్పినారో చూడండి. చిన్న గీతలకు, ఒక అద్దానికి క్లెయిము పెట్టొద్దండి. క్లెయిము లేని ఏళ్ళకు సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం నుంచి 50 శాతం దాకా వచ్చే తగ్గింపు ఒక్క దెబ్బకు పోతుంది.

థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్ళకు దారే లేదా? తప్పు ఎదుటి బండిదైతే ఉంది. దాని ఇన్సూరెన్సు నుంచి మన బండి నష్టం కూడా అడగొచ్చు. దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కేసు వేయండి. లారీ యజమాని ఐదువేలు చేతిలో పెట్టి రాజీ కాగితం మీద సంతకం అడుగుతాడు. మెకానిక్కు లెక్క చెప్పకముందే సంతకం చేయొద్దండి.

కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది.

చివరిగా, సంఘంగా మనం అడగాల్సింది ఒకటుంది. ద్విచక్ర వాహనం పాలసీలో ఒక షరతు ఉంది. బాడుగకు తిప్పితేనో, సొంత సామాను కాక సరుకు మోస్తేనో నష్టం వర్తించదు అని. మరి మన ఆవు పాలు మనం కేంద్రానికి తీసుకుపోతే అది సరుకా, సొంత సామానా? మన తోటలో టమాటా బాక్సు మన బండి మీద పెట్టుకుంటే? ఈ మాట తేలనంతకాలం పాల క్యాను చూసి క్లెయిము కొట్టేయడానికి కంపెనీకి సాకు దొరుకుతానే ఉంటుంది. రైతు సొంత పంట, సొంత పాలు, సొంత ఎరువు తన బండి మీద తీసుకుపోవడం సొంత వాడకమేనని బీమా నియంత్రణ సంస్థ స్పష్టంగా రాసివ్వాలి. పాలసీ, సర్వే రిపోర్టు తెలుగులో ఇవ్వాలి. తుక్కు ధర ఎవరు కట్టినా, ఆ ధరకు కొనే బాధ్యత వాళ్ళదే కావాలి. ఈ మూడు డిమాండ్లతో తీర్మానం చేద్దామని సభ ముందు పెడతా ఉన్నాను.

పంట బీమాలో మన చేను ఒక్కటే ఎండితే లెక్కలేదు, చుట్టుపక్కల అంతా ఎండాలి. బండి బీమాలో అట్లా కాదు. మన ఒక్క బండి లెక్కే, మన ఒక్క కాగితమే. అడిగినవాడికి వస్తుంది, అడగనివాడికి పోతుంది. వచ్చే నెల మీటింగుకు అందరూ బండి పాలసీ కాగితాలు తీసుకురండి. కూర్చుని ఒక్కొక్కటీ చదువుదాం.

సెలవు.