లెక్కకెక్కని మరణము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున ఆరోగ్య ఆర్థికశాస్త్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. ఇది పట్టణపు పండితుల వ్యవహారము, మనకేల యని కొందరికి తోచవచ్చును. కాని వైద్యమునకై ప్రభుత్వము వెచ్చించు రూపాయి ఏ జబ్బునకు, ఏ ఊరికి పోవలెనో విచారించు శాస్త్రమిది. మన ఆరోగ్య కేంద్రములో మందు ఉండుటయు, లేకుండుటయు దీనితో ముడిపడియున్నవి.

హైదరాబాదులో ఆబిడ్సు నుండి నాంపల్లి మీదుగా నడచినచో పబ్లిక్ గార్డెన్సు, దాని చెంతనే శాసనసభ వచ్చును. ఆ ప్రాంతముననే హాకా భవనమున ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ అను పరిశోధన సంస్థ చాలకాలము పనిచేసినది. 1990లో ఏర్పడిన ఆ సంస్థకు సారథ్యము వహించినవారు ప్రశాంత మహాపాత్ర గారు. వారు ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసినవారు, పాలనానుభవమును పరిశోధనకు పునాది చేసికొన్నవారు.

1986 నాటి చట్టముచే వైద్య విధాన పరిషత్తు ఏర్పడినది. దాని క్రింది ఆసుపత్రుల పనితీరును మహాపాత్ర గారు, పీటర్ బెర్మన్ అను పండితునితో కలిసి పరిశీలించి 1994లో ఒక వ్యాసము ప్రకటించిరి. మంచములు నిండియున్నవా యనుట ఒక్కటియే చాలదు; ఒక్కొక్క మంచముపై ఏటికెందరు వైద్యము పొందిరి, ఒక్కొక్కరు ఎన్నాళ్లుండిరి యనునవి కలిపి చూడవలెను. రోగి సగటున 10 దినములుండిన, నిండిన మంచము ఏటికి 36 మందికి ఉపకరించును. 5 దినములుండిన 73 మందికి. త్వరగా పంపివేయుటయే మేలని దీని భావము కాదు. ఈ తేడా ఎందుకు వచ్చెనని అడుగుటకు లెక్క దారి చూపును.

తరువాత వారు పూనుకొన్నది ఇంతకంటె పెద్ద పని. అకాలమరణమువలన పోయిన ఏండ్లను, రోగముతో కుంటుపడిన ఏండ్లను కూడి జబ్బుల భారమును కొలుచు పద్ధతిని ప్రపంచ బ్యాంకు 1993 నివేదిక ప్రచారములోనికి తెచ్చినది. ఆ కొలతను ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు అన్వయింపబూనగా మొదటి చిక్కు ఎదురైనది. ఎవరు దేనివలన చనిపోయిరో చెప్పు నమ్మదగిన లెక్క ఏది? పల్లెలో పెక్కుమంది ఇంటనే కన్నుమూయుదురు. కారణము వ్రాయు వైద్యుడుండడు.

ఆ లోటు ఎంతటిదో గోదావరి జిల్లాల పరిశోధన ఒకటి తెలిపినది. 45 గ్రామములలో, సుమారు 1,80,000 మంది జనాభాలో, శిక్షణ పొందిన కార్యకర్తలు మృతుల ఇండ్లకు పోయి తుది దినముల లక్షణములను అడిగి వ్రాసికొనిరి. 2006లో ప్రకటితమైన ఫలితము ననుసరించి, మరణములలో 32 శాతము గుండె, రక్తనాళముల జబ్బులవలననే. పల్లెవానికి జ్వరములే శత్రువులనియు, గుండెపోటు పట్టణపు ధనికుల జబ్బనియు నమ్మి పథకములు వేసినచో రక్తపోటు మాత్ర పల్లెకెట్లు చేరును?

2007లో లాన్సెట్ వైద్య పత్రికలో మహాపాత్ర గారు తోటి పండితులతో కలిసి ఈ విషయమునే ప్రపంచము ముందుంచిరి. పెక్కు దేశములలో జనన మరణముల నమోదు దశాబ్దములుగా ముందుకు సాగలేదని వారి ఆవేదన.

సోదరులారా, మన దేశమున 1969 నాటి చట్టము ప్రకారము మరణమును 21 దినములలో తెలుపవలెను. అయినను ఆచరణలో ఏమి జరుగుచున్నది? భూమి గలవాడు పోయినచో వారసులు పత్రమునకై పరుగెత్తుదురు. ఆస్తిలేని కూలివాడు, పురిటిలో పోయిన పసికందు, ముసలి అవ్వ పోయినప్పుడు ఆ పత్రముతో పని యెవరికి? లెక్క అవసరమైన పేదవాడే లెక్క తప్పిపోవుచున్నాడు. లెక్కలో లేనివానికై ఏ ప్రభుత్వమును నిధులు కేటాయింపజాలదు.

ఈ గ్రంథాలయములో ప్రతి పుస్తకమునకు ఒక సంఖ్య కలదు. ఒకటి కనబడకున్న చిట్టా తిరగవేసి వెదకుదుము. మనిషికి ఆపాటి మర్యాదయైన దక్కవలదా? చదువు వచ్చిన మన పాఠకులు, చదువురాని పొరుగింట మరణము సంభవించినప్పుడు పంచాయతీ కార్యదర్శి వద్దకు తోడుపోయి నమోదు చేయింపవలెనని నా మనవి. వైద్యుడు చూచియున్నచో కారణమును వ్రాయించుకొనవలెను. నగరమున విద్వాంసులు వేయు లెక్కకు మొదటి అంకె మన ఊరినుండియే పోవలెను.