బెలుం దాకా ఒక బస్సు



నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైంది, ఊరు పెరుగుతోంది. రేపటి బస్సులు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నాదొకటే కోరిక: బెలుం గుహల దాకా మన వేళలకు కుదిరే బస్సు.

బెలుం ఎక్కడో లేదు, కొలిమిగుండ్ల మండలమే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి. పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతుకు దిగుతాం. (లోపల ఉక్క, నూలు చీరే మేలు.) ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూసిపోతారు. మన ఇళ్లలో మాత్రం "కారు కుదిరినప్పుడు చూద్దాంలే" అంటారు. ఆ కారు కుదరదు, ఈలోగా పిల్లలు పెద్దవాళ్లయిపోతారు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చింది. మన రాష్ట్రం ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బు అక్కర్లేదు. మంచిదే. కానీ సాయంత్రం తిరుగుబస్సు ఉందో లేదో తెలియనప్పుడు, ఉచితమైనా ఏ ఇల్లాలు గడప దాటుతుంది చెప్పండి?

నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తయింది, బనగానపల్లె మీదుగానే పోతుంది. అక్కడ రైలు దిగేసరికి కొలిమిగుండ్ల బస్సు స్టేషను బయట నిలిచి ఉందనుకోండి! కొత్త పట్టాలు వేయనక్కర్లేదు, రెండు ఆఫీసులవాళ్లు గడియారాలు కలుపుకుంటే చాలు.

నేను ఊహించే బస్సు పిల్లల్ని బడికి పంపి, క్యారియర్లు సర్దాక బయల్దేరుతుంది. దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరుస్తుంది. దిగినచోట నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి కూడా ఆ పటంలోవే. గీతలు గీసేవాళ్లకు ఇవి తట్టవు, మనం చెబితే తప్ప.

నలుగురూ కలిసి డిపో మేనేజరుగారికి అర్జీ రాయండి. ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది వస్తారో అందులో స్పష్టంగా ఉండాలి.