బుర్రకథలో చలిజ్వరం మాట



పర్ణశాలలో సీతమ్మ కథ మేము చెప్పనక్కరలేదు. చలిజ్వరం కథ చెప్పించాలి. గేదె మేత మానితే డాక్టరు కోసం పరుగెత్తుతాము. పిల్లవాడు చలికి వణికితే రేపు చూద్దామంటాము. ఆలస్యమైతే ఆ జ్వరం మెదడుకెక్కి ప్రాణం తీయవచ్చు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలిలో నాజర్ గారు బుర్రకథతోనే జనాన్ని కదిలించారు. కథకుడు తంబురా మీటి చెబుతాడు, ఒక వంత లోకం సంగతులు అడుగుతాడు, హాస్య వంత నవ్విస్తాడు. ఆ నవ్వులోనే చెప్పించాలి: మలేరియా దోమ పగలు మన పశువుల కొట్టంలోనే నక్కి ఉంటుంది, రాత్రి కుడుతుంది. కొట్టం పక్కన పడుకునేవారు దోమతెర కట్టుకోవాలి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించాలి. తగ్గిందని మాత్రలు మధ్యలో మానరాదు.

మా ఉపన్యాసాలకు మీరు కునుకు తీయడం చూశాము, తప్పు మీది కాదు! కోయ మాటల్లో పాట కట్టగలవారు సాయంత్రం పాలు పోసేటప్పుడు పేరు చెప్పండి.