ఆంగ్ల సామెతలు – భాషాభ్యాసకులు



పరభాషను నేర్చువాడు మొదట మాటలను, పిదప వ్యాకరణమును నేర్చును. ఈ రెండును అలవడిన తరువాత కూడ అతనికి గడప యొకటి మిగిలియుండును. అదియే సామెత. అందలి ప్రతి పదమునకును నిఘంటువులో అర్థము దొరకును; చెప్పదలచిన సంగతి మాత్రము దొరకదు.

ఆంగ్లేయులు తమ సామెతలను ఏనాడో గ్రంథస్థము చేసికొనిరి. 1546లో జాన్ హేవుడ్ అను కవి వానిని సంభాషణ రూపమున కూర్చి ప్రకటించెను. రోము నగరము ఒక్క దినమున కట్టబడలేదను మాట అందు కలదు. తెలుగు నేర్చిన ఆంగ్లేయులకును ఈ గడపయే ఎదురయ్యెను. కెప్టెన్ కార్ అను సైనికోద్యోగి తెలుగు సామెతలను సేకరించి, ఆంగ్లానువాదముతో 1868లో మద్రాసున ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ను వెలువరించెను.

సామెతకు పుట్టిన నేల యుండును. ‘మేక్ హే వైల్ ది సన్ షైన్స్’ అనగా ఎండ కాయుచుండగనే గడ్డి నారబెట్టుకొనుమని. ఇంగ్లండున వేసవిలోను వాన ఎప్పుడు కురియునో తెలియదు. కోసిన గడ్డి తడిసి కుళ్లినచో చలికాలమున పశువులకు మేత కఱవగును. తెలుగునాట ఎండకు కొదువ లేదు. తరిగిపోవునది దీపములోని చమురు. కావుననే ఇచ్చటివారు ‘దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెను’ అనిరి. నేలలు వేఱు, నీతి యొక్కటే.

ఒక్క స్వాలో పిట్ట కనబడినంతనే వేసవి రాదని మఱియొక సామెత. ఈ పిట్టలు చలికాలమును ఆఫ్రికాలో గడపి వసంతమున బ్రిటనుకు మరలివచ్చును. అచ్చటివారికి వేసవి సుఖకాలము. రోహిణికార్తె ఎండల నెఱిగిన తెలుగు విద్యార్థి దీనిని కష్టము రాలేదను ఊరటగా తలపవచ్చును. ఒక్క శుభసూచనను చూచి తొందరపడి సంతోషింపవలదనుటయే దీని భావము.

ఇక రెండు భాషల సామెతలను జతపఱచుటలో జాగ్రత్త వలయును. పనిచేతకానివాడు పనిముట్లను నిందించునను ఆంగ్లోక్తికి ‘ఆడలేక మద్దెల ఓడన్నట్లు’ చక్కగా సరిపోవును. ఖాళీపాత్రలే ఎక్కువ మ్రోగునని ఆంగ్లేయులు వెలితిని నిందింపగా, ‘నిండుకుండ తొణకదు’ అని తెలుగువారు నిండుదనమును మెచ్చిరి. ఇవి ఒకే నాణెమునకు బొమ్మయు బొరుసును.

కాని ‘టూ మెనీ కుక్స్ స్పాయిల్ ది బ్రాత్’ అనుదానికి ‘మంది యెక్కువైన మజ్జిగ పలుచన’ అని జతచేయుట పొరపాటు. మొదటిదానిలో వండువారు పెక్కురు; తలకొక విధముగ చేయి పెట్టుటచే వంట చెడినది. రెండవదానిలో త్రాగువారు పెక్కురు. అందఱికిని చాలించుటకై నీరు కలిపిరి. పెండ్లిలో బంధువులు ఎక్కువై వడ్డన చాలలేదని వ్రాయబోయి విద్యార్థి ఆ ఆంగ్లోక్తిని వాడినచో, చదివినవారు వంటవాండ్రు కలహించి కూర చెడగొట్టిరని అనుకొందురు. వ్యాకరణదోష మొక్కటియు లేకయే జాబు తాఱుమాఱగును.

మఱియొక చిక్కు పదక్రమమునందున్నది. ‘ఆల్ దట్ గ్లిటర్స్ ఈజ్ నాట్ గోల్డ్’ అనుదానిని పదము వెంట పదముగ చూచినచో మెఱయునది ఏదియు బంగారము కాదను అర్థము కూడ రావచ్చును. మెఱయునవి అన్నియు బంగారము కావనుటయే ఉద్దేశము. సామెత పాతమాట, నేటి పాఠ్యపుస్తకపు సూత్రమునకు అది ఎల్లప్పుడును లొంగదు.

అంతియ కాక, సంభాషణలో ఆంగ్లేయులు తఱచు సగమే పలికి విడుతురు. ‘వెన్ ఇన్ రోమ్’ అని ఊరకుందురు; రోమునకు పోయినప్పుడు రోమీయులవలె నడచుకొనుమను శేషమును వినువాడే పూరించుకొనవలెను. ‘దూరపు కొండలు’ అని తెలుగువాడు ఊరకున్నట్లే ఇదియును.

కావున అభ్యాసకుడు సామెతను వల్లించి విడువరాదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలుకుదురో కథలలోను నాటకములలోను గమనించి, ఆ సందర్భముతో సహా పుస్తకమున వ్రాసికొనవలెను. ప్రక్కన తెలుగు సామెతను ఇంటి పెద్దల నడిగి చేర్చి, రెండింటికిని ఎంతవఱకు పొత్తు కుదిరినదో తానే తేల్చుకొనవలెను. తెలుగు సామెత తెలియని పిల్లవానికి ఆంగ్ల సామెతను కొలుచుటకు కొలపాత్రయే యుండదు. గ్రంథాలయపు బీరువా ఆంగ్ల సామెత నీయగలదు. రెండవదాని నిచ్చు పెద్దలు గ్రామమున ప్రతి యరుగుమీదను కలరు. వారు ఉన్నప్పుడే అడిగి వ్రాసికొనుట మేలు.