కబురు అందేసరికి

మన బిలాస్‌పూర్‌కు రైలు రాకముందే, 1885లో, అమెరికాలోని డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ సంఘం పంపిన ఆడమ్స్ దంపతులు ఇక్కడ మిషన్ పని మొదలుపెట్టారు. అలాంటివాళ్లకు అమెరికాలో తండ్రి పోతే? తంతి అందినా ఓడ ప్రయాణం వారాల తరబడి. కడసారి చూపు మాటే లేదు.

బర్మాలో పనిచేసిన అదోనిరాం జడ్సన్‌ది మరీ ఘోరం. 1826 అక్టోబరులో భార్య ఆన్ పోయింది, మరుసటి ఏప్రిల్లో పసికూన. తండ్రి నవంబరులోనే కన్నుమూశాడన్న ఉత్తరం జులైలో గానీ చేరలేదు.

మనవాళ్లూ వెళ్లారు. నెల్లూరు బాప్టిస్టుల తరఫున జాన్ రంగయ్య 1903లో నాటాల్ తోటల్లోని తెలుగు కూలీల కోసం దక్షిణాఫ్రికా వెళ్లి, 1915లో అక్కడే కన్నుమూశారు.

ఇప్పుడు ఫోన్ క్షణంలో మోగుతుంది. చిక్కల్లా టికెట్లు, వీసా, పిల్లల బడి. విదేశంలో ఉన్న మిషనరీ దంపతుల్లో చాలాసార్లు ఒక్కరే బయల్దేరతారు. అత్తనో మామనో పోగొట్టుకున్న రెండోవారి దుఃఖాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది అన్యాయమే. ఇక్కడ ఇంటి దగ్గర ఫ్రీజర్ బాక్సు పక్కన బంధువులు విమానం వేళలు చూస్తుంటారు. రాలేకపోతే మేనల్లుడు ఫోన్ ఎత్తిపట్టుకుంటాడు, సరిగ్గా మట్టి వేసేవేళకి సిగ్నల్ పోతుంది.

కాబట్టి విదేశానికి వెళ్లేముందే పంపే సంస్థను అడగండి: ఖర్చు ఎవరిది, సెలవు ఎన్నాళ్లు? భూస్థాపన ఆగదు గానీ, ఆదరణ కూడికను దూరాన ఉన్నవాళ్లు వచ్చేదాకా వాయిదా వేసుకోవచ్చు. పాస్టరుగారితో ఒక మాట అంటే సరిపోతుంది.