ప్రభువు బల్లపై ద్రాక్షారసము

(నిర్మల్‌లో సంఘ పెద్దల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



సంస్కారపు ఆదివారమున గిన్నెలో ఉన్నది పులిసిన రసమా, పులియనిదా అని అడిగినచో పెద్దలలోనే రెండు మాటలు వచ్చుచున్నవి. కనుక ముందు ద్రాక్షారసమెట్లు తయారగునో చూతము.

మన ప్రాంతమువారికి ఇది చెప్పుట సులువు. ఈతచెట్టుకు కట్టిన లొట్టిలోనికి దిగునది తియ్యని నీరు. లొట్టి లోపల సున్నము పూసినచో అది తియ్యగానే ఉండును. దానినే నీరా అందురు. సున్నము లేనిచో కొన్ని గంటలలోనే నురుగెత్తి కల్లగును. దానిలో ఎవరును మత్తు కలుపలేదు. (కలుపువారి సంగతి వేరు!) కంటికి కనబడని ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తిని, ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1850, 1860 దశకములలో దీనిని రుజువు చేసెను. ఆదిలాబాదు అడవులలో ఇప్పపువ్వు నానబెట్టినప్పుడు జరుగునదియు ఇదే. అయితే దానిని బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి సారా దించుదురు. ద్రాక్షారసమును బట్టీ పెట్టరు.

ద్రాక్షపండ్లను చితిపి, తొక్కలతోకూడ పులియనిచ్చినచో ఎర్రని రసము వచ్చును, రంగంతయు తొక్కలోనే ఉన్నది గదా. తొక్కలు ముందే తీసివేసినచో తెల్లనిది. మడ్డి అడుగునకు దిగిన పిదప పైతేటను వంచి, గాలి తగులకుండ నెలల తరబడి ఉంచుదురు. గాలి తగిలినచో పులిసి వెనిగరగును. సువార్తలలో మనము చదువు చిరక అదియే. మత్తయి 9వ అధ్యాయములోని పాత తిత్తులు పిగులుటకును కారణము ఆ వాయువే. నూటికి 20 నుండి 24 పాళ్ళ చక్కెర ఉన్న రసములో సుమారు 11 నుండి 13 పాళ్ళ ఆల్కహాలు పుట్టును. హైదరాబాదు తోటల అనాబ్-ఎ-షాహి తినుటకు మంచిదే గాని, దానిలో అంత చక్కెర లేదు.

మరి పులియని రసము? 1869లో అమెరికాలోని వైన్‌లాండ్ పట్టణమున థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు, ద్రాక్షరసమును సీసాలలో బిగించి వేడినీళ్ళలో కాచెను. ఈస్టు చచ్చెను, రసము పులియలేదు. అతడు దానిని చేసినది ప్రభురాత్రి భోజనము కొరకే. పల్లె సంఘములలో ఎండుద్రాక్షను కాచి పిండు రసమును ఈ వరుసలోనిదే.

కాని కాచినంత మాత్రమున చాలదు. చల్లారిన పిదప తెరచియుంచినచో ఈస్టు మరల చేరును. ఇక్కడి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. శుక్రవారము కాచినది ఆదివారమునకు బుడగలు లేవవచ్చును. మన మధ్య తాగుడు విడిచి ప్రభువునొద్దకు వచ్చినవారున్నారు. పులియనిదని చెప్పి ఆ గిన్నె అందించినచో, మనకంటె ముందు వారికే వాసన తెలియును. వారు ఆ గిన్నెను త్రాగవలెనా, త్రోసివేయవలెనా?

కనుక శనివారము రాత్రి కాచి, వేడిమీదనే, వేడినీళ్ళతో కడిగిన సీసాలో నిండుగా పోసి బిరడా బిగించుడి. ఆరాధన వేళనే తెరువుడి. మిగిలినదానిని మరుసటి నెలకు దాచవద్దు.