చాలుతుందా, చాలదా?



ఈ బడిలో చదివినన్నాళ్ళూ నాకు లెక్కలంటే భయం లేదు. నూటికి తొంభై పైనే వచ్చేవి. ఆ ధీమాతోనే ఇంజనీరయ్యాక, ఇరవయ్యేడో ఏట, ఎంబీఏ కోసం జీమ్యాట్ రాశాను. లెక్కల్లోనే దెబ్బతిన్నాను. కారణం డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు. మన ఐసెట్‌లోనూ ఇలాంటివి ఉంటాయి.

ఒక ప్రశ్న, దాని కింద రెండు వాక్యాలు ఇస్తారు. జవాబు ఎంతో మనం చెప్పక్కర్లేదు. జవాబు తేల్చడానికి ఆ సమాచారం చాలుతుందా, లేదా? అదే చెప్పాలి. మొదటిది ఒక్కటే చాలు, రెండోది ఒక్కటే చాలు, రెండూ కలిస్తేనే చాలు, ఏ ఒక్కటైనా చాలు, రెండూ కలిపినా చాలదు. జీమ్యాట్‌లో ఈ ఐదింట్లో ఒకటి ఎంచుకోవాలి. నేనేమో ప్రతి లెక్కా చివరిదాకా చేస్తూ కూర్చున్నాను. టైమైపోయింది.

టైము ఒక్కటే కాదు, ‘తెలియనివి రెండుంటే సమీకరణాలు రెండు కావాలి’ అని బట్టీపట్టిన సూత్రం కూడా ముంచింది. 2ఎక్స్ + 3వై = 12. 4ఎక్స్ + 6వై = 24. ఎక్స్ ఎంత? సమీకరణాలు రెండున్నాయి, చాలనిపిస్తుంది. కానీ మొదటిదాన్ని రెండుతో హెచ్చవేస్తే వచ్చేదే రెండోది. చేతిలో ఉన్నది నిజానికి ఒక్కటే. చాలదు.

ఇంకోటి చూడండి. 5 రూపాయల పెన్నులు, 7 రూపాయల పెన్నులు కలిపి సరిగ్గా 41 రూపాయలకు కొన్నాను. 5 రూపాయలవి ఎన్ని? ఇక్కడ సమీకరణం ఒక్కటే. అయినా చాలు. సగం పెన్ను ఎవరూ అమ్మరు కదా! 41లోంచి ఏడేసి తీసుకుంటూ పోండి: 34, 27, 20, 13, 6. వీటిలో ఐదుతో శేషం లేకుండా పోయేది 20 ఒక్కటే. అంటే నాలుగు పెన్నులు.

ఒక చిట్కా కూడా చెబుతాను. రెండో వాక్యం చూసేటప్పుడు మొదటిదాన్ని చేత్తో మూసెయ్యండి. లేకపోతే అందులోని సంగతి తెలియకుండానే ఇందులోకి వచ్చేస్తుంది.

పరీక్ష పోతే మళ్ళీ రాసుకోవచ్చు. రెండేళ్ళ తర్వాత ఒక గోడౌనుకు పునాది డిజైను చేశాను. మట్టి పరీక్ష ఒక్క మూలే జరిగింది. స్థలమంతా అదే నేల అనుకుని సంతకం పెట్టాను. రెండో వానాకాలానికి అవతలి మూల కుంగి, గోడ నిలువునా చీలింది. అక్కడ ఒకప్పుడు గుంట ఉంటే పూడ్చారట. ఎవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. రాత్రి కూర్చుని నా లెక్క మళ్ళీ చూసుకున్నాను. కూడికలు, హెచ్చవేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు లెక్క మొదలుపెట్టకముందే జరిగిపోయింది.

మన లెక్కల మాస్టారు, ‘ముందు ఏమిచ్చారో చెప్పరా, తర్వాత చేద్దువుగాని’ అనేవారు. అందరికంటే ముందు చేసి చూపించాలన్న తొందరలో నేను విసుక్కునేవాణ్ణి. ఆ మాట ఆ రాత్రి అర్థమైంది.

ఇప్పుడు నా దగ్గర చేరిన కుర్ర ఇంజనీరు ఎవరైనా ‘ఈ రిపోర్టు చాలదు సార్, ఇంకోచోట తవ్వించాలి’ అంటే సంతోషిస్తాను. ఆలస్యమైందని పైవాళ్ళు అరిస్తే ఆ చీవాట్లు నేను తింటాను.

పిల్లలూ, ‘చాలదు’ అనేది కూడా జవాబే. ఆ పరీక్షలో దానికీ మార్కులుంటాయి.

సెలవు.